ఎముకల పండక్కి ఎముకల జెల్లీ

జెలటిన్ నాకు వృత్తిరీత్యా పరిచయం. హైదరాబాద్‌లో క్యాప్సూళ్లు తయారుచేసే ఒక కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. జెలటిన్ అంటే చాలామందికి పుట్టినరోజు పార్టీల్లో కప్పులో వణికే ఎర్రటి తీపి గుర్తొస్తుంది. మాకు మాత్రం అది బస్తాల్లో దిగే లేతపసుపు పొడి. దాని గట్టిదనానికి బ్లూమ్ అని ఒక కొలత ఉంది. 6.67 శాతం జెలటిన్ కరిగించిన నీళ్లను 10 డిగ్రీల చల్లదనంలో 17 గంటలు ఉంచాలి. అది పేరుకున్నాక, అర అంగుళం వెడల్పున్న కడ్డీతో పైనుంచి నొక్కాలి. కడ్డీ 4 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని గ్రాముల బరువు పట్టిందో అదే ఆ సరుకు బ్లూమ్. ఆస్కార్ బ్లూమ్ అనే ఆయన 1925లో ఈ పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. తొలినాటి యంత్రాల్లో సన్నటి సీసపు గుళ్లు జలజలా రాలి బరువు పెంచుతూ పోయేవి. గట్టి క్యాప్సూళ్లకు 200 బ్లూమ్ దాటిన సరుకైతేనే మేం సంతకం పెట్టేవాళ్లం.

ఈ విద్య న్యూజెర్సీలో మా అమ్మాయి వంటింట్లో అక్కరకొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అక్టోబరు 31న పిల్లలు వీధులన్నీ తిరిగి చాక్లెట్లు పోగేసుకొచ్చి పడుకున్నాక, పెద్దవాళ్లు విడిగా చేసుకునే పార్టీ ఒకటి ఉంటుంది. ఆ పార్టీకి జెల్లో షాట్లు కావాలట. జెల్లీలో వోడ్కా కలిపి, రెండు ఔన్సుల ప్లాస్టిక్ కప్పుల్లో గడ్డకట్టిస్తారు. హాలోవీన్ కాబట్టి అవి మామూలుగా ఉండకూడదు. కనుగుడ్లలా, వానపాముల్లా, మెదడులా, సూదిమందు సిరంజిలో నింపిన రక్తంలా ఉండాలి. "నాన్నా, నీ సబ్జెక్టే కదా, చూడు" అంటూ అమ్మాయి పొడి ప్యాకెట్లు నా ముందు పడేసింది. ఇది ఎవరు కనిపెట్టారని అల్లుణ్ని అడిగితే, 1980ల్లో కాలేజీ కుర్రాళ్ల పనై ఉంటుందన్నాడు. ఎదురింటి అమెరికాయనదీ అదే మాట. నాకు నమ్మబుద్ధి కాలేదు. పదార్థం అంత పాతదైతే, అందులో సారా పోసే ఆలోచన ఒక్కడికైనా ముందే తట్టకుండా ఉంటుందా? ఇక్కడ రిటైరైనవాడికి టైముకు కొదవలేదు. పాత వంట పుస్తకాలన్నీ ఇప్పుడు స్కాన్ చేసి పెట్టారు. వాటి వెంటపడ్డాను.

మొదట తెలిసింది ఏమిటంటే, జెల్లీలో మద్యం ఎవరూ కొత్తగా కలపలేదు. మొదట్నుంచీ ఉంది. మధ్యలో కొంతకాలం తీసేశారు, అంతే.

హన్నా గ్లాస్ వంట పుస్తకం 1747లో లండన్‌లో అచ్చయింది. అందులో దూడకాళ్ల జెల్లీ ఉంది. రెండు దూడకాళ్లను ఒక గాలన్ నీళ్లలో పావువంతు మిగిలేదాకా మరిగించాలి. వడగట్టి చల్లార్చి, పైన తేలిన కొవ్వు తీసేయాలి, అడుగున మడ్డి వదిలేయాలి. మధ్యలో మిగిలిన దానికి ఒక పింట్ వైన్, అరపౌను పంచదార, నాలుగు పెద్ద నిమ్మకాయల రసం చేర్చి, గిలక్కొట్టిన గుడ్ల తెల్లసొన పోసి ఉడకనిస్తే, ఆ సొన మలినాన్నంతా పట్టుకుని పైకి తేలుతుంది. తర్వాత ఫ్లానెల్ గుడ్డ సంచిలో వడగట్టాలి. తేటగా దిగకపోతే మళ్లీ, అప్పటికీ దిగకపోతే ఇంకోసారి. ఒక రోజంతా పట్టే చాకిరీ. పనివాళ్లూ మంచూ కట్టెలూ దండిగా ఉన్న ఇంట్లోనే అది జరిగే పని. కాబట్టి జెల్లీ అప్పట్లో పిల్లల తిండి కాదు. కొవ్వొత్తుల వెలుగులో మిలమిలా మెరుస్తూ అతిథుల ముందు ఇంటాయన హోదా చాటే పెద్దల వంటకం. వైన్ అందులో దొంగచాటుగా దూరింది కాదు. నిమ్మరసం ఎంత సహజమో అదీ అంతే.

కళ్లను మోసం చేసే జెల్లీలూ అప్పటివే. మాంచెస్టర్‌లో మిఠాయి దుకాణం నడిపిన ఎలిజబెత్ రాఫాల్డ్ 1769లో వేసిన పుస్తకంలో కోడిగూడు జెల్లీ చేసే విధానం చెప్పింది. ఖాళీ గుడ్డు పెంకుల్లో పాలలాంటి తెల్లని జెల్లీ పోసి, పేరుకున్నాక పెంకు ఒలిచేయాలి. నిమ్మతొక్కను పాకంలో ఉడికించి గడ్డిపరకల్లా సన్నగా తరగాలి. తేట జెల్లీలో ఆ గడ్డీ ఆ గుడ్లూ అమర్చాలి. చేపల చెరువు కూడా ఉంది. తేట జెల్లీలో తెల్ల జెల్లీ చేపలు ఈదుతుంటాయి. మా అమ్మాయి పార్టీలో బ్లూబెర్రీ గుచ్చిన కనుగుడ్లు చూస్తే రాఫాల్డ్ ఏమీ ఆశ్చర్యపోదు. అచ్చులు కొంచెం మోటుగా ఉన్నాయని మాత్రం అనొచ్చు.

అసలైన ఆధారం 1862లో న్యూయార్క్‌లో దొరికింది. జెర్రీ థామస్ అనే బార్‌టెండర్ ఆ ఏడాది పానీయాలు కలిపే పద్ధతుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అమెరికాలో ఆ విద్యకు అదే మొదటి పుస్తకమని పేరు. థామస్ గట్టి ఆటగాడు. బంగారు వేట రోజుల్లో కాలిఫోర్నియా వెళ్లాడు. విస్కీకి నిప్పంటించి, మండుతున్న ధారను ఒక లోటాలోంచి మరో లోటాలోకి పోసి జనాన్ని నోరెళ్లబెట్టించేవాడు. ఆయన పుస్తకంలో పంచ్ జెల్లీ ఉంది. పంచ్ అంటే కోన్యాక్, రమ్ము, నిమ్మ, పంచదార కలిపిన పానీయం. ఒక పింట్ వేడి పంచ్‌కు ఔన్సున్నర ఐసింగ్‌లాస్ తీసుకుని, పావు పింట్ నీళ్లలో కరిగించి పోయాలి. అచ్చుల్లో నింపి, పూర్తిగా పేరుకునేదాకా కదపకూడదు. ఐసింగ్‌లాస్ అంటే ఎండబెట్టిన చేప గాలితిత్తి. రష్యా స్టర్జన్ చేపల తిత్తులకు అప్పట్లో మంచి గిరాకీ. దాన్ని ఉడికిస్తే చేప జెలటినే.

నా పాత వృత్తి ఊరుకోనివ్వక లెక్క వేశాను. అమెరికా పింట్ ప్రకారం పంచ్, నీళ్లు, ఐసింగ్‌లాస్ అన్నీ కలిపి తూస్తే గట్టిపరిచే సరుకు వాటా సుమారు 6.7 శాతం తేలింది. బ్లూమ్ పరీక్షకు మేం వాడే గాఢత! బార్‌టెండర్ చేతి అంచనా అరవై ఏళ్ల తర్వాత ప్రయోగశాల స్థిరపరిచిన అంకె దగ్గరికి వచ్చి ఆగడం కాకతాళీయమే కావచ్చు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

థామస్ ఒక హెచ్చరిక కూడా చేశాడు. జెల్లీలో కలిసిపోయాక పంచ్ ఘాటు నోటికి తెలియదనీ, చలి రాత్రి బాగుందని అదే పనిగా తిన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, భోజనం తర్వాత నాట్యం చేసే స్థితిలో ఉండరనీ ఆయన మాటల సారం. ఆడవాళ్ల ప్రస్తావన ఆ కాలపు బుద్ధి. మా అమ్మాయి పార్టీలో తూలింది మగవాళ్లే. హెచ్చరిక మాత్రం అక్షరాలా నిజం. గ్లాసులో తాగితే గొంతు మండి ఎంత తాగామో తెలుస్తుంది. తీపి ముద్దగా జారిపోతే ఆ గుర్తు ఉండదు. ఇంకో చిట్కా కూడా చెప్పాడు థామస్. విందులో మిగిలిన నిమ్మ జెల్లీనో నారింజ జెల్లీనో రాత్రికి పంచ్ జెల్లీగా మార్చుకోవచ్చట. మిగిలిన ఇడ్లీలతో ఉప్మా చేసే ఇల్లాలి బుద్ధి ఆ బార్‌టెండర్‌కీ ఉంది.

మరి ఇంత పెద్దల వంటకం పసిపిల్లల కప్పులోకి ఎలా వచ్చింది?

దారి వేసినవాడు పీటర్ కూపర్. న్యూయార్క్‌లో జిగురు ఫ్యాక్టరీ యజమాని. అమెరికా తొలి రైలింజన్లలో ఒకటైన టామ్ థంబ్ ఈయన చేసిందే. పశువుల చర్మాలూ ఎముకలూ ఉడికించి జిగురు తీసేవాడికి, ఆ జిగురుకు నాజూకైన తోబుట్టువు జెలటిన్ అని తెలియకుండా ఉంటుందా? 1845లో పొడి జెలటిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. వేడినీళ్లు పోస్తే చాలు, దూడకాళ్లు అక్కర్లేదు. కానీ దాన్ని అమ్మే ఓపిక ఆయనకు లేకపోయింది. అదే 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంపకు తెగులు పట్టింది. ఆ కరువు తరిమితే లక్షల మంది ఓడలెక్కి అమెరికాలో దిగారు. వాళ్లతోపాటు వాళ్ల అక్టోబరు చివరి రాత్రి ఆచారాలూ దిగాయి. జెల్లీ పొడి, హాలోవీన్ రెండూ దాదాపు ఒకే సమయంలో అమెరికాలో కాలుపెట్టాయి. ఒకదాన్నొకటి కలుసుకోవడానికే ఇంకో వందేళ్లు పట్టింది.

ఆ నాటి హాలోవీన్ కూడా పెళ్లీడు వాళ్ల పండగ. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో ఆ రాత్రి భవిష్యత్తు తెలుస్తుందని నమ్మకం. నిప్పుల్లో రెండు గింజలు పక్కపక్కన పెట్టి, అవి కలిసి కాలితే జంట కుదిరినట్టు, ఒకటి ఎగిరిపడితే చెడినట్టు లెక్క. కళ్లకు గంతలు కట్టుకుని పొలంలో క్యాబేజీ పీకేవాళ్లు. మొక్క వంకరో తిన్నదో చూసి రాబోయే మొగుడి వాలకం చెప్పుకునేవాళ్లు. రొట్టెలో ఉంగరం దాచి, ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ముందు పెళ్లి అనేవాళ్లు. టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవాళ్లు. అమెరికాలో గుమ్మడికాయ పెద్దది, మెత్తనిది, చవక. కాబట్టి దుంప పోయి కాయ వచ్చింది. తినే పదార్థంలో ఏదో ఒకటి దాచి పెట్టడం ఈ పండక్కి మొదట్నుంచీ ఉన్న సరదా. ఉంగరం స్థానంలో వోడ్కా రావడం పెద్ద మార్పేమీ కాదేమో.

జెల్లీ కథ అసలు మలుపు తిరిగిన ఊరు లెరాయ్. న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమాన రోచెస్టర్‌కూ బఫెలోకూ మధ్య ఉంటుంది. అమెరికా వచ్చిన తెలుగు తల్లిదండ్రులను నయాగరా చూపించకుండా వెనక్కి పంపితే పిల్లలకు పాపం చుట్టుకుంటుందని ఒక అలిఖిత శాస్త్రం ఉంది కదా. ఆ శాస్త్ర ప్రకారం మమ్మల్నీ కారెక్కించారు. జలపాతం ఎటూ పోదు, దారిలో లెరాయ్‌లో ఆపమని పట్టుబట్టాను. మెయిన్ స్ట్రీట్‌లో ఒక పాత భవనం వెనక చిన్న మ్యూజియం ఉంది. పాత డబ్బాలు, రాగి అచ్చులు, గోడల నిండా పత్రికా ప్రకటనల బొమ్మలు. మా ఆవిడ శాకాహారి. గుమ్మం దగ్గరే ముక్కు చిట్లించి, "జలపాతం చూడ్డానికి వచ్చి కాళ్లూ ఎముకలూ చూడాలా ఏమండీ?" అంది. లోపల ఎముకలు ఒక్కటీ కనబడలేదు. ఆ వ్యాపారం విజయ రహస్యమే అది.

1897లో ఆ ఊళ్లో పెర్ల్ బిక్స్‌బీ వెయిట్ అనే వడ్రంగి ఉండేవాడు. పక్కన దగ్గు మందు, విరేచనాల టీ కూడా చేసి అమ్మేవాడు. మందుల్లో చేదు కప్పడానికి వాడే రంగూ రుచీ తీపీ జెలటిన్ పొడిలో కలిపి చూశాడు. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, నారింజ, నిమ్మ అని నాలుగు రకాలు. భార్య మే దానికి జెల్లో అని పేరు పెట్టింది. (అదే 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ మలేరియాకు మందైన క్వినైన్ ఈ కథలోకి వస్తుంది, కాస్త ఆగండి.) వెయిట్ దగ్గర పెట్టుబడి లేదు. 1899లో అదే ఊరి వ్యాపారి ఒరేటర్ ఫ్రాన్సిస్ వుడ్‌వర్డ్‌కు 450 డాలర్లకు హక్కులన్నీ అమ్మేశాడు. మొదట్లో వుడ్‌వర్డ్‌కూ విసుగొచ్చి, తన మేనేజర్‌కు 35 డాలర్లకు ఇచ్చేస్తానన్నాడని, అతను వద్దన్నాడని ఒక కథ చెబుతారు. 1902కల్లా అమ్మకాలు రెండున్నర లక్షల డాలర్లు. ఆ మేనేజర్ ముఖం ఎలా ఉండేదో చూడాలని ఉంది.

ఎలా అమ్మాడు? చక్కగా ముస్తాబైన సేల్స్‌మెన్‌ను గుర్రపు బగ్గీల్లో ఊళ్లమీదికి పంపాడు. ఇంటింటికీ వంటల పుస్తకాలు ఉచితంగా పంచాడు. 1904లో ప్రకటనల్లో ఒక చిన్న పాపను నిలబెట్టాడు. ప్రకటనల చిత్రకారుడు ఫ్రాంక్లిన్ కింగ్ కూతురు ఎలిజబెత్. జెల్లో డబ్బాలను బొమ్మల్లా పేర్చి ఆడుకునే ఆ పాపే ఏళ్ల తరబడి కంపెనీ ముఖమైంది. ఒక్క బొమ్మతో అటు దూడకాళ్లూ ఇటు వైనూ రెండూ మాయమయ్యాయి. 1896లో ఫానీ ఫార్మర్ వంట పుస్తకంలో వైన్ జెల్లీ ఇంకా దర్జాగా ఉంది. ఆ పుస్తకం కొన్న ఇల్లాలి మనవరాలికి జెల్లీ అంటే స్కూలు నుంచి వచ్చాక తినే ఎర్రటి కప్పు. మద్యపాన వ్యతిరేక ఉద్యమాలు ఉధృతంగా నడిచి, 1920 నుంచి 1933 దాకా దేశమంతా నిషేధం అమలైన కాలం కూడా ఇదే. మద్యం వంటింటి అల్మారాలోంచి పోయిన చోట పసిపాప బొమ్మ కూర్చుంది. 1925లో జెల్లో పోస్టమ్ కంపెనీలో కలిసింది, తర్వాత అదే జనరల్ ఫుడ్స్ అయింది. 1964లో ఫ్యాక్టరీని డెలావేర్‌లోని డోవర్‌కు తరలించారు. లెరాయ్‌కు ఆ మ్యూజియం మిగిలింది.

హాలోవీన్‌కూ సరిగ్గా అదే గతి పట్టింది. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో డెనిసన్ అనే కాగితాల కంపెనీ ఉండేది. ముడతల కాగితం అమ్ముకోవడానికి 1909 నుంచి హాలోవీన్ అలంకరణల మీద చిన్న పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. గబ్బిలాలు, నల్లపిల్లులు, నారింజ-నలుపు రంగుల జోడీ ఇళ్లల్లో స్థిరపడటంలో ఆ పుస్తకాల పాత్ర పెద్దది. వీధుల్లో మాత్రం కుర్రాళ్ల ఆగడాలు శ్రుతిమించాయి. గేట్లు పీకేయడం, బళ్లు ఇళ్ల కప్పులమీద పెట్టడం, పశువులను ఊళ్లోకి తోలడం. మిన్నెసోటాలోని అనోకా ఊరివాళ్లు ఈ బాధ పడలేక 1920లో పిల్లలకు ఊరేగింపు పెట్టి, తినుబండారాలిచ్చి దృష్టి మళ్లించారు. ఇంటింటికీ తిరిగి తీపి అడిగే పద్ధతి 1930ల్లో అక్కడక్కడ మొదలై, యుద్ధంలో పంచదార రేషన్‌తో ఆగి, 1947లో రేషన్ ఎత్తేశాక దేశమంతా పాకింది. 1950లకల్లా జోస్యాలు పోయాయి, పెళ్లిచూపులు పోయాయి, నిప్పుల్లో గింజలు పోయాయి. జెల్లీలాగే హాలోవీనూ పూర్తిగా పిల్లల సొత్తు అయింది.

నాకు ఈ కథలో ముచ్చటగా అనిపించేది ఇక్కడే. పిల్లలకు ఇచ్చేసిన రెండింటినీ పెద్దలు మెల్లగా వెనక్కి లాక్కున్నారు.

జెల్లీని లాక్కున్నవాళ్లలో పేరు తెలిసినవాడు ఒక లెక్కల మాస్టారు. టామ్ లేరర్ హార్వర్డ్‌లో గణితం చదివి, పియానో ముందు కూర్చుని వ్యంగ్య గీతాలు పాడి పేరు తెచ్చుకున్నవాడు. 1955 నుంచి 57 దాకా సైన్యంలో పనిచేశాడు. వాషింగ్టన్ దగ్గర స్థావరంలో క్రిస్మస్ పార్టీ. మద్య పానీయాలు తేకూడదని ఆంక్ష. పానీయాలకే కదా నిషేధం అని లేరర్ పాయింటు పట్టాడు. ఒక స్నేహితురాలి ఇంట్లో కూర్చుని రకరకాల కలయికలు ప్రయత్నించి, చివరికి నారింజ జెల్లోలో వోడ్కా కుదిరిందని తేల్చాడు. ఏళ్ల తర్వాత ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఈ సంగతి తనే చెప్పాడు. 2025 జులైలో 97 ఏళ్ల వయసులో ఆయన పోయినప్పుడు, పాటల సంగతితోపాటు దీన్నీ జనం తలుచుకున్నారు. మొదటివాడు ఆయన కాదని జెర్రీ థామస్ సాక్ష్యం ఉంది. అయినా పసిపాప బొమ్మ ఉన్న డబ్బాలో వోడ్కా పోయడంలో ఉన్న కొంటెతనం లేరర్ కాలానిదే. థామస్ కాలంలో జెల్లీ అమాయకమైనది కాదు కాబట్టి అందులో జోకు లేదు.

హాలోవీన్‌ను లాక్కోవడం 1970ల్లో మొదలైంది. న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లో ముసుగులూ తోలుబొమ్మలూ చేసే రాల్ఫ్ లీ 1974లో ఇరుగుపొరుగు పిల్లలతో, స్నేహితులతో ఒక ఊరేగింపు నడిపాడు. అదే పెరిగి పెరిగి లక్షల మంది పెద్దలు వేషాలేసుకుని వచ్చే జాతర అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో వీధిలోనూ అలాగే జరిగింది. ఆపైన బీరు కంపెనీలు వాసన పట్టాయి. 1980ల నడుమ కూర్స్ కంపెనీ, టీవీలో దెయ్యాల సినిమాలకు వ్యాఖ్యానం చెప్పే ఎల్వైరా వేషధారి కసాండ్రా పీటర్సన్‌ను ప్రకటనల్లోకి దించింది. ఆమె నిలువెత్తు అట్టబొమ్మలు సారా దుకాణాల్లో వెలిశాయి. బార్లలోనూ కాలేజీ పార్టీల్లోనూ జెల్లో షాట్లు ఊపందుకున్నదీ ఆ దశాబ్దంలోనే. మా అల్లుడు చెప్పినదాంట్లో అంతవరకు నిజం ఉంది.

ఇక చేసే విధానం. 85 గ్రాముల ప్యాకెట్‌కు ఒక కప్పు మరిగే నీళ్లు పోసి రెండు నిమిషాలు కలపాలి. పలుకు మిగలకూడదు. తర్వాత అర కప్పు చల్లటి నీళ్లు, అర కప్పు వోడ్కా. 40 శాతం వోడ్కా అయితే మొత్తంలో పది శాతం ఆల్కహాల్ అవుతుంది, అంటే కాస్త తేలికరకం వైన్‌తో సమానం. వోడ్కాను మరుగుతున్న నీళ్లలో పోయకూడదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే ఆవిరి కడుతుంది. "ఇంకొంచెం పోద్దాం మామయ్యా" అని అల్లుడు పక్కన నిలబడి ఒకటే గొడవ. జెలటిన్ దారాలు చల్లారేటప్పుడు ఒకదాన్నొకటి పెనవేసుకుని, మధ్యలో నీళ్లను పట్టి ఉంచుతాయి. ఆల్కహాల్ ఎక్కువైతే ఆ నీళ్లను అది లాగేసుకుంటుంది. దారాలు నీళ్లు లేక ముడుచుకుని బంక ముద్దలవుతాయి. పచ్చి అనాసపండు, బొప్పాయి వేసినా అంతే సంగతులు. బిర్యానీలో మాంసం మెత్తబడటానికి మనం రుద్దే పచ్చి బొప్పాయి ముద్ద ఏం చేస్తుందో, జెలటిన్‌నూ అదే చేస్తుంది. మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచేదీ, జెల్లీని నిలబెట్టేదీ ఒకే మాంసకృత్తు. డబ్బాలో వచ్చే అనాస అయితే ఫరవాలేదు, ఉడికించి ఉంటారు కాబట్టి. ఈ జెల్లీ 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నోట్లో పెట్టుకోగానే జారేది అందుకే. మే నెలలో బెజవాడలో ఈ పార్టీ పెడితే జుర్రుకోవాల్సిందే.

వానపాములకు మడిచే స్ట్రాలు కావాలి. వాటిని సాగదీసి, గుత్తిగా రబ్బరు బ్యాండ్ వేసి, పొడుగాటి గ్లాసులో నిలబెట్టాలి. మామూలుకన్నా చిక్కగా కలిపిన ఎర్ర జెల్లీలో కాస్త క్రీమ్ వేస్తే మట్టిరంగు వస్తుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, గోరువెచ్చటి నీళ్లు చూపించి, స్ట్రాను పైనుంచి కిందికి నొక్కుతూ పోతే గీతల గీతల పాము బయటికి వస్తుంది. చూడ్డానికి నాకే ఒళ్లు జలదరించింది.

క్వినైన్ సంగతి చెబుతానన్నాను కదా. చల్లటి నీళ్లకు బదులు టానిక్ వాటర్ పోస్తే, నల్లలైటు కింద జెల్లీ నీలంగా వెలుగుతుంది. టానిక్‌లో ఉన్న క్వినైన్ వల్ల. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలి వెలుగుగా వదలడం దాని గుణం. 1852లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ స్టోక్స్ ఈ గుణాన్ని క్వినైన్ ద్రావణంతోనే వివరించాడు. మా ల్యాబులో ఫ్లోరిమీటర్ సరిచూసుకోవడానికి క్వినైన్ సల్ఫేట్ వాడేవాళ్లం. అదే వెలుగు అమ్మాయి ఇంటి నేలమాళిగలో దెయ్యాల కోసం వెలిగింది.

మెదడు అచ్చు గురించి కూడా ఒక మాట. 1970ల్లో కెనడాలోని హామిల్టన్‌లో ఏడ్రియన్ అప్టన్ అనే నరాల వైద్యుడు లైమ్ జెల్లోకు ఈఈజీ తీగలు తగిలించాడు. యంత్రం మీద బతికున్న మెదడు తరంగాల్లాంటి గీతలు వచ్చాయి. చుట్టుపక్కల ఆస్పత్రి యంత్రాల విద్యుత్తును తీగలు పట్టుకున్నాయన్నమాట. ఒక్క ఈఈజీ చూసి మనిషి బతికున్నాడనో పోయాడనో తేల్చొద్దని చెప్పడం ఆయన ఉద్దేశం. ఈ కథ పార్టీలో చెప్పాక మెదడు పళ్లేన్ని కాసేపు ఎవరూ ముట్టుకోలేదు.

ఒక విషయంలో మాత్రం నేను మొండిగా నిలబడ్డాను. పిల్లల జెల్లీ, పెద్దల జెల్లీ ఒకే రంగులో ఉండకూడదు, ఒకే ఫ్రిజ్‌లో ఉండకూడదు. పెద్దలవి గరాజ్ ఫ్రిజ్‌లో, నలుపు, ఆకుపచ్చ కప్పుల్లో. కంటికి తేడా తెలియకపోవడమే ఈ వంటకం గొప్ప, ముప్పు కూడా అదే.

ఇంతకీ మా ఆవిడ జెలటిన్ గిన్నె ముట్టుకోనంది. వచ్చే తెలుగువాళ్లలో సగం మంది తినరు కూడా. పంది చర్మం, పశువుల తోలు, ఎముకలు మరిగించి తీసినదని తెలిస్తే మిగతా సగం కూడా ఆలోచిస్తారు. అస్థిపంజరాల పండగ రోజు పళ్లెంలో ఉన్నది నిజంగా ఎముకల సారమని ఆ ఇంట్లో గమనించింది ఆవిడొక్కతే. ఆమెకు చైనా గ్రాస్ తెచ్చిచ్చాను. పాతబస్తీ కిరాణా కొట్లలో కట్టలుగా దొరికే ఆ సముద్రపు నాచు సరుకే అగర్. మా ల్యాబులో క్రిములను పెంచే పళ్లేల్లో పోసేదీ అదే. దాని వెనకా ఒక వంటింటి కథ ఉంది. 1881లో జర్మనీలో వాల్టర్ హెస్ అనే పరిశోధకుడు జెలటిన్ మీద క్రిములను పెంచుతుంటే, ఎండకు అది కరిగిపోయేది. భార్య ఫానీ హెస్ న్యూయార్క్‌లో పుట్టిన మనిషి. జావాలో ఉండొచ్చిన పొరుగింటివాళ్ల దగ్గర నేర్చుకుని, వేసవిలో కరగని జెల్లీలను అగర్‌తో చేసేది. నా జెల్లీలో వాడేది వేసి చూడమంది. రాబర్ట్ కాక్ ల్యాబు దాన్ని అందుకుంది. ప్రపంచంలోని ల్యాబులన్నీ ఇప్పటికీ వాడుతున్నాయి.

అగర్‌ను రసంలో రెండు నిమిషాలు బాగా మరిగించి, దించి, వేడి కాస్త తగ్గాక వోడ్కా పోయాలి. ఆలస్యం చేస్తే గిన్నెలోనే బిగుసుకుంటుంది. జెలటిన్‌లా ఊగదు, పుటుక్కున తెగుతుంది. అందుకని కనుగుడ్లకు బాగా కుదిరింది. అందరూ లిచీ పండులో బ్లూబెర్రీ పెట్టి కనుగుడ్డు అంటారు. మా ఆవిడకు అది నచ్చలేదు. ఆసియా కొట్లో థాయ్‌లాండ్ నుంచి వచ్చే తాటిముంజల డబ్బా దొరికింది. తెల్లగా, నీరుపట్టి, కొంచెం పారదర్శకంగా, మధ్యలో బ్లూబెర్రీ పొదిగి, పైన అగర్ పోసి గడ్డకట్టిస్తే, ఆ చూపు భరించలేం. పార్టీలో ముందు అయిపోయినవి అవే. ఎదురింటాయన ఇదేం పండని అడిగితే, తాటిచెట్టు గురించి ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఒక్కో కాయకు మూడేసి ముంజలుంటాయని చేత్తో చూపించింది. ఆ చెట్టు నుంచే మా ఊళ్లో కల్లు కూడా దించుతారని నేను అందించాను. అలాంటప్పుడు ఇందులో రష్యావాళ్ల వోడ్కా ఎందుకు పోశారని ఆయన నిలదీశాడు.